మీనారు – మదరసా – మన మగపిల్లలు

(సైదాబాద్‌లో జరిగిన సంఘ వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మేము ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పుకుని బతికేవాళ్ళం. తెలుగులో ఉపన్యాసం మాకు అలవాటు లేని పని. కాని కార్యదర్శి గారు తెలుగులోనే మాట్లాడమని పట్టుబట్టారు. కారణం అడిగితే, "సావనీరు ఇంట్లో చదివేది పిల్లలు మాస్టర్ సాబ్, వాళ్ళలో చాలామందికి ఉర్దూ మాట వస్తుందిగాని లిపి రాదు" అన్నారు. నిజమే. నిజం గనుక కొంచెం బాధగానూ ఉంది. ఏదైనా తప్పు దొర్లితే పెద్దలు సర్దుకోవాలని మనవి.

ఈ రోజు సభ ముందుకు ఒక తీర్మానం వస్తున్నది. మన సంఘం స్థలంలో కొత్త భవనం కట్టాలని, దాని ముందు భాగాన నాలుగు దిక్కులకూ కనబడేలా ఎత్తయిన బురుజు ఒకటి లేపాలని, దానికి గడియారం పెట్టాలని. ప్లాను ఆ గోడకు అంటించి ఉంది, అందరూ చూశారు. చూడముచ్చటగా ఉంది. మొదటి విడతలో పునాది, ముందు భాగం, బురుజు. రెండో విడతలో ఫంక్షన్ హాలు. మూడో విడతలో, అంటే నిధులు మిగిలితే, పై అంతస్తులో పిల్లల చదువుకు రెండు గదులు. మేము ప్లానుకు విరోధులం కాము. ఆ విడతల వరుస గురించే నాలుగు మాటలు చెప్పదలచుకున్నాము. మీరు ఓటు వేసే ముందు చెప్పడం మా విధి అనుకున్నాము.

మన ఊరి గుర్తు ఏమిటని పసివాణ్ణి అడిగినా చార్మినార్ అంటాడు. మహమ్మద్ కులీ కుతుబ్ షా 1591లో కట్టించాడు. పైకి ఎక్కాలంటే 149 మెట్లు. ఆ బొమ్మను సిగరెట్టు పెట్టె మీద కూడా చూసినవాళ్ళం మనం. కాని దాని పై అంతస్తుల్లో మస్జిదుతో పాటు మదరసా కూడా ఉండేదన్న సంగతి కొద్దిమందికే గుర్తు. అంత ఎత్తు లేపినవాడు ఆ ఎత్తును ఖాళీగా వదలలేదు. కింద నాలుగు దారులు కలిసే చోట బజారు, పైన నమాజు, చదువు. కింద నడిచేవాడు తల ఎత్తి చూస్తే అక్కడ ఎవరో చదువుకుంటున్నారు. బురుజుకు అంతకంటే మంచి పని ఏముంటుంది?

అంతకు నూరేళ్ళకు ముందే మన దక్కనులో ఇంకొకటి జరిగింది. బీదరు 1956 దాకా మన హైదరాబాదు రాజ్యంలోనిదే. అక్కడ మహమూద్ గవాన్ అనే వజీరు ఉండేవాడు. ఇరాన్ దేశపు గీలాన్ నుంచి వర్తకం మీద వచ్చినవాడు, బహమనీ సుల్తానుల దర్బారులో ప్రధాని అయ్యాడు. ఆయన 1472లో ఒక మదరసా కట్టించాడు. మూడు అంతస్తులు. పొడవు 205 అడుగులు, వెడల్పు 180 అడుగులు. ముందు భాగాన రెండు మూలల్లో రెండు మీనార్లు, ఒక్కొక్కటి నూరు అడుగులు మించిన ఎత్తు, వాటి మీద రంగు రంగుల పింగాణీ పలకలు. లోపల పాఠాల హాళ్ళు, మస్జిదు, మూడు వేల గ్రంథాల కుతుబ్‌ఖానా, ఉస్తాదులకు బస, విద్యార్థులకు గదులు. ఇవాళ మనం రెసిడెన్షియల్ స్కూలు అంటున్నామే, అదే.

గవాన్‌ను 1481లో దొంగ ఉత్తరం సృష్టించి, రాజద్రోహమని నింద వేసి చంపించారు. 1696లో పేలుడు జరిగి ముందు భాగం చాలా వరకు కూలిపోయింది. రెండు మీనార్లలో ఒకటే మిగిలింది. అయినా బీదరు పోయినవాళ్ళు ఆ మీనారును చూసి "గవాన్ మీనారు" అనరు, "గవాన్ మదరసా" అంటారు. ఐదు వందల ఏళ్ళు దాటినా పేరు నిలబెట్టింది లోపల జరిగిన చదువే. పలకలు రాలిపోయినా పేరు రాలిపోలేదు. మన ప్లాను గీసిన ఇంజనీరు సాహెబ్ ఈ ఒక్క సంగతి గమనించాలని మా ప్రార్థన.

ఇక గడియారం సంగతి. చార్మినారుకు నాలుగు వైపులా గడియారాలు పెట్టింది 1889లో. మహబూబ్ చౌక్ గడియార స్తంభాన్ని 1892లో సర్ ఆస్మాన్ జా కట్టించాడు. సికిందరాబాద్ క్లాక్ టవరు 120 అడుగులది, 1897లో మొదలైంది. మొజంజాహీ మార్కెట్ గడియారం 1935 నాటిది. ఫతే మైదాన్ దగ్గర పాయిగా నవాబు జఫర్ జంగ్ కట్టించిన స్తంభం ఉండనే ఉంది. ఇన్ని గడియారాలు కొద్ది కాలంలో ఎందుకు లేచాయి? 1874లో రైలు వచ్చింది. కచేరీలు, బడులు, ఫ్యాక్టరీలు గంట ప్రకారం నడవడం మొదలైంది. జేబు గడియారం కొనగలిగినవాడు నవాబు. కూలివాడికి, గుమాస్తాకు, బడిపిల్లవాడికి వేళ చెప్పడానికి ఎవరో ఒకరు ఎత్తున గడియారం పెట్టాల్సి వచ్చింది. అంటే అది ఆనాడు నిజంగా బీదవాడి అవసరం. సదఖా వంటి పని.

ఇవాళ ప్రతి జేబులో సెల్‌ఫోను ఉంది. ఆటో నడిపే అన్న దగ్గర ఉంది, మక్కబుట్టలు కాల్చే అమ్మ దగ్గర ఉంది. వేళ తెలియక ఎవడూ బాధపడడం లేదు. ఇప్పుడు మన బస్తీలో బీదవాడి అవసరం ఏమిటి? అది తెలుసుకుని దాన్ని ఎత్తున పెడితే, అప్పుడు మనం ఆస్మాన్ జా చేసిన పని చేసినవాళ్ళం అవుతాం. ఆయన కట్టినదాన్ని నకలు చేస్తే మాత్రం కాదు.

ఇప్పుడు బడుల వైపు వస్తాం. ఇంగ్లాండులో ప్రిపరేటరీ స్కూళ్ళని ఉంటాయి. ఏడెనిమిదేళ్ళ పిల్లవాణ్ణి చేర్చుకుని, పదమూడేళ్ళు వచ్చేసరికి ఈటన్ వంటి పెద్ద పబ్లిక్ స్కూలులో ప్రవేశానికి తయారు చేస్తారు. పబ్లిక్ అన్నారు గదా సర్కారుది అనుకోకండి. అవి సొంత నిధులతో, పెద్ద ఫీజులతో నడిచేవి. చాలా కాలం వరకు మగపిల్లలకే. ఆ ఈటన్‌ను ఆరవ హెన్రీ రాజు 1440లో స్థాపించింది ఎవరికోసం? డెబ్బై మంది బీద విద్యార్థులకు ఉచితంగా చదువు చెప్పడానికి! ఆ తర్వాత డబ్బు గలవాళ్ళు పక్కన చేరారు, చివరికి బడి వాళ్ళ పేరుతోనే లోకానికి తెలిసింది.

మన దేశంలో ఆ నమూనా రాజకుమారులకు వచ్చింది. అజ్మీరులో మేయో కాలేజీ 1875లో మొదలైంది. దాని పెద్ద భవనానికీ గడియారపు బురుజు ఉంది. మన హైదరాబాదులో మొదటి సాలార్జంగ్ 1870లలో మదరసా–ఎ–ఆలియా పెట్టించాడు. ఉమరావుల పిల్లలు ఇంగ్లీషు నేర్చి, కాలేజీ చదువుకు తయారు కావాలని ఆయన ఉద్దేశం. 1887లో నిజాం కాలేజీ ఏర్పడింది, అది 1947 దాకా మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధంగా నడిచింది. ఆలియా నుంచి పిల్లలు దానిలోకి పోయేవారు. ఇంగ్లాండులో ప్రిపరేటరీ స్కూలు చేసే పని, ఇక్కడ ఆలియా చేసిందన్నమాట.

ఆ తర్వాత 1923లో బేగంపేటలో జాగీర్దార్స్ కాలేజీ. పేరులోనే ఉంది, జాగీర్దార్ల కొడుకులకు. ఈటన్ నమూనా. విశాలమైన ఆవరణ, హాస్టలు, ఆట మైదానాలు. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. జాగీర్దార్లే లేనప్పుడు వాళ్ళ కాలేజీ ఎక్కడిది? 1951లో అది హైదరాబాద్ పబ్లిక్ స్కూలు అయి, ఇతరుల పిల్లలకూ తలుపు తీసింది. 1988లో ఆడపిల్లలనూ చేర్చుకుంది. 2023లో నూరేళ్ళు నిండాయి. 2014లో మైక్రోసాఫ్ట్ కంపెనీకి అధిపతి అయిన సత్య నాదెళ్ళ, 2007లో అడోబీకి అధిపతి అయిన శంతను నారాయణ్, 2023లో ప్రపంచ బ్యాంకు అధ్యక్షుడయిన అజయ్ బంగా – ముగ్గురూ ఆ బడి పిల్లలే.

మరి ఆలియా ఏమయింది? గన్‌ఫౌండ్రీలో ఇవాళ అది ప్రభుత్వ పాఠశాల. నవాబుల పల్లకీలు ఆగిన చోటికి ఇప్పుడు కూలీల పిల్లలు బస్సు దిగి వస్తున్నారు. ఈటన్ బీదలకని పెట్టి ధనవంతులదయింది. ఆలియా ధనవంతులకని పెట్టి బీదలదయింది. అంటే గోడలకు కులం లేదు, అంతస్తు లేదు. ఎవరు లోపల కూర్చుంటారు, ఎవరు నేర్పుతారు అన్నదే బడి.

ఆ జాగీర్దారు కొడుక్కి బడి ఏం ఇచ్చింది? మేము చాలాసార్లు ఆలోచించాము. డబ్బు ఇంట్లోనే ఉంది, అది బడి ఇచ్చింది కాదు. బడి ఇచ్చినవి ఐదు. ఒకటి, వేళ. లేచే వేళ, చదివే వేళ, ఆడే వేళ. రెండు, ఇంటి బయటి లోకం మాట్లాడే భాష. మూడు, ఆట. ఓడిపోయి కూడా చెయ్యి కలపడం అక్కడే వస్తుంది. నాలుగు, సావాసం. చదివేవాళ్ళ మధ్య కూర్చున్నవాడు తానూ చదువుతాడు. ఐదు, అన్నిటికంటే పెద్దది – "నిన్న ఎందుకు రాలేదు?" అని పేరు పెట్టి అడిగే పెద్దమనిషి ఒకడు.

ఈ ఐదింటిలో జాగీరు ఉంటేనే దొరికేది ఏది? ఒక్కటీ కాదు. రెండు గదులు, ఒక బల్బు, ఒక హాజరు పట్టీ, ఇద్దరు ఉస్తాదులు ఉంటే ఐదూ దొరుకుతాయి.

దూరం ఎందుకు, మన చుట్టుపక్కలే చూద్దాం. మలక్‌పేట గుట్ట మీద ఆస్మాన్ గఢ్ ప్యాలెస్ ఉంది. పైన చెప్పిన ఆస్మాన్ జా 1885లో కట్టించుకున్నది, బురుజులున్న కోట లాంటి మహలు. ఆ మహలులో తర్వాతి కాలంలో బడి నడిచింది. దాని దగ్గరలోనే ఫ్రెంచి సేనాని రేమండ్ సమాధి, 1798 నాటిది, నల్లరాతి స్తంభం. ఆయన పేరు మీదనే మూసారాంబాగ్ అయిందని పెద్దలు చెప్తారు. 2001లో గాలివానకు అక్కడి మండపం కూలిపోతే మళ్ళీ కట్టారు. స్తంభం చూడడానికి ఎందరు పోతారు? మెట్రో స్టేషను బోర్డు మీద పేరు చదివి దిగిపోతారు, అంతే.

ఇంకొంచెం ముందుకు, దిల్‌సుఖ్‌నగర్ దాటి ఎల్.బి. నగర్ పోయే దారిలో విక్టోరియా మెమోరియల్ హోం. సరూర్‌నగర్‌లో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలపు మహలు. విక్టోరియా రాణి 1901లో చనిపోయిన తర్వాత ఆమె పేరిట అది యతీంఖానా అయింది. రాజు ఉండాల్సిన ఇంట్లో తల్లిదండ్రులు లేని పిల్లలు అన్నం తిని, చదువుకున్నారు. 2018 సెప్టెంబరులో మన వైపు మెట్రో రైలు మొదలైతే, ఆ స్టేషనుకు విక్టోరియా మెమోరియల్ అనే పేరే పెట్టారు. ఆ దారిన రోజూ పోయేవాళ్ళలో ఎంతమందికి అది అనాథల బడి పేరని తెలుసు? తెలిసినా తెలియకపోయినా, ఒక యతీంఖానా పేరు ఊరికి గుర్తు అయి కూర్చుంది. బురుజు లేకుండానే.

ఇదే సైదాబాద్‌లో ప్రభుత్వ బాలుర హోమూ ఉంది. చట్టంతో గొడవ పడ్డ పిల్లలను తెచ్చి ఉంచే చోటు. దాని గోడ పక్క నుంచి పోయినప్పుడల్లా మాకు ఒకటే ఆలోచన. పిల్లవాడి కోసం సమాజం ఏదో ఒక గోడ కట్టక తప్పదు. ముందు బడి గోడ కట్టకపోతే, తర్వాత ఆ గోడ కట్టాల్సి వస్తుంది.

ఇక అసలు మాట. అమ్మలు, నాన్నలు కోపం తెచ్చుకోకుండా వినాలి.

మా తరగతుల్లో మేము చూస్తున్నది చెప్తాం. ఆడపిల్లలు చదువుతున్నారు, మాషా అల్లాహ్. పదో తరగతి దాటుతున్నారు, ఇంటరు పోతున్నారు, కొందరు డిగ్రీ దాకా. మగపిల్లలు ఏడు, ఎనిమిది తరగతుల్లో జారిపోతున్నారు. మొదట శుక్రవారం తర్వాత రారు. తర్వాత వారానికి రెండు రోజులు. తర్వాత పేరు ఉంటుంది, మనిషి ఉండడు. ఎక్కడున్నాడంటే పంక్చర్ దుకాణంలో, వెల్డింగు షెడ్డులో, చెప్పుల దుకాణంలో, మామ టెంపో మీద.

కొన్నేళ్ళ కింద మా దగ్గర ఒక పిల్లవాడు ఉండేవాడు. పేరు చెప్పం. వడ్డీ లెక్క నోటితో చేసేవాడు, మేము నల్లబల్ల మీద రాయకముందే జవాబు చెప్పేవాడు. తండ్రికి కాలు విరిగింది. ఎనిమిదో తరగతి మధ్యలో బండి మరమ్మతు దుకాణంలో చేరాడు. ఇంటికి పోయి అడిగితే తల్లి ఒకే మాట అంది: "మాస్టర్ సాబ్, మీరు పదో తరగతి తర్వాత సంగతి చెప్తున్నారు, నాకు రేపు పొద్దున సంగతి కావాలి." ఆమె మాటకు మా దగ్గర జవాబు లేదు. ఒక్క మాస్టరు దగ్గర ఉండేది కాదు అది. సంఘం దగ్గర ఉండాల్సిన జవాబు. ఆ ఇంటికి ఆరు నెలల రేషను, పిల్లవాడికి సాయంత్రం కూర్చునే చోటు దొరికి ఉంటే చాలు. ఇవాళ అతను మంచి మెకానిక్కే, హలాల్‌గా సంపాదిస్తున్నాడు, అందులో చిన్నతనం ఏమీ లేదు. కాని పని అతను ఎంచుకున్నది కాదు, అతన్ని ఎంచుకున్నది. బాధ అక్కడ ఉంది.

చట్టాలు లేవా అంటే ఉన్నాయి. ఆరు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలకు ఉచిత నిర్బంధ విద్య అని 2009లో చట్టం వచ్చింది. పద్నాలుగేళ్ళ లోపు పిల్లవాణ్ణి ఏ పనిలో పెట్టుకున్నా నేరమని 2016లో చట్టం సవరించారు. సొంత ఇంటి పనిలో బడి వేళ తర్వాత సాయం చేస్తే తప్ప. చట్టం తలుపు తీస్తుంది. చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయేది మనిషే.

అవకాశాలు లేవా అంటే అవీ ఉన్నాయి. 1971లో పి.వి. నరసింహారావు గారి కాలంలో నల్గొండ జిల్లా సర్వేలులో మొదటి గురుకుల పాఠశాల పెట్టారు. పల్లె పిల్లలకు ఉచితంగా అన్నం, బస, చదువు. ఆ దారిలోనే 2016లో తెలంగాణ ప్రభుత్వం మైనారిటీ గురుకులాలు మొదలుపెట్టింది. తొలి ఏడు 71, ఆ తర్వాత రెండు వందలు దాటాయి. మగపిల్లలకు వేరు, ఆడపిల్లలకు వేరు. ఐదో తరగతి నుంచి ఇంగ్లీషు మీడియం చదువు. అది సర్కారు చేసిన పని.

సమాజం చేసిన పనీ ఒకటుంది. బషీర్‌బాగ్‌లో బాబూఖాన్ ఎస్టేటు అని ఎత్తయిన భవనం అందరూ చూశారు. ఒకప్పుడు ఊళ్ళో అడ్రసు చెప్పాలంటే "బాబూఖాన్ ఎస్టేటు పక్కన" అనేవారు. ఆ కుటుంబానికి చెందిన గియాసుద్దీన్ బాబూఖాన్ గారి నాయకత్వంలో 1992లో హైదరాబాద్ జకాత్ అండ్ చారిటబుల్ ట్రస్టు ఏర్పడింది. జకాత్ సొమ్ముతో బీద పిల్లల చదువుకు సాయం చేస్తూ వచ్చింది. వికారాబాద్ దగ్గర హైదరాబాద్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎక్సలెన్స్ అనే ఆవాస విద్యాసంస్థ కూడా లేచింది. ఎత్తయిన భవనాలు కట్టడం తెలిసినవాళ్ళే, జకాత్‌ను బడిలో పెట్టాలని అనుకున్నారు. మనకు దగ్గరి ఉదాహరణ ఇంతకంటే ఏముంది?

మరి అవకాశం ఉండీ మన పిల్లవాడు ఎందుకు నిలవలేకపోతున్నాడు? తయారీ లేక. ఐదో తరగతి ఉర్దూలో చదివినవాణ్ణి ఒక్కసారి ఇంగ్లీషు పుస్తకాల మధ్య కూర్చోబెడితే, వాడు మూగవాడవుతాడు. తెలుగు సంగతీ అంతే. 2018 చట్టంతో బడుల్లో తెలుగు నేర్పడం తప్పనిసరి అయింది. ఉర్దూ 2017 నుంచి రాష్ట్రమంతటా రెండో అధికార భాష, అది మన గౌరవం. కాని బ్యాంకులో ఫారం నింపాలన్నా, పోలీసు స్టేషనులో అర్జీ ఇవ్వాలన్నా, పక్కింటి వెంకటయ్య కొడుకుతో సమానంగా ఉద్యోగానికి పోటీ పడాలన్నా తెలుగు రావాలి. మూడు భాషల మధ్య మన పిల్లవాడు మూడింటిలోనూ సగం సగం నిలబడి ఉన్నాడు. వాడికి తెలివి లేక కాదు. ఒక భాష నుంచి ఇంకొక భాషకు వంతెన వేసేవాడు లేక.

ఆ వంతెనే ప్రిపరేటరీ స్కూలు. ఈటన్‌కు తయారు చేసేది పెద్దవాళ్ళది. గురుకులానికి, హైస్కూలుకు, పాలిటెక్నిక్‌కు తయారు చేసేది మనది.

మా ప్రతిపాదన ఇది. ప్లానులో మూడో విడతలో ఉన్న రెండు గదులను మొదటి విడతలోకి తేవాలి. అసర్ తర్వాత మొదలుపెట్టి ఇషా దాకా, నాలుగో తరగతి నుంచి ఏడో తరగతి పిల్లలకు తయారీ తరగతులు. మగ్‌రిబ్ నమాజు అక్కడే జమాతుగా. మొదటి ఏడు నలభై మంది చాలు. నేర్పేవి నాలుగే – ఉర్దూ చదవడం రాయడం, తెలుగు చదవడం రాయడం, ఇంగ్లీషు, లెక్కలు. వారానికి రెండు సాయంత్రాలు ఆట. ఒక గ్లాసు పాలు లేదా ఇన్ని శనగలు. హాజరు పట్టీ ప్రతిరోజూ. వరుసగా మూడు రోజులు రానివాడి ఇంటికి సంఘ సభ్యుడు ఒకరు పోవాలి, మాస్టరు కాదు. మాస్టరు పోతే ఫిర్యాదు అనుకుంటారు, పెద్దమనిషి పోతే పలకరింపు అనుకుంటారు. ఇంట్లో కష్టం ఉంటే ఆ కష్టం సంఘానికి తెలియాలి, బైతుల్‌మాల్ నుంచి ఆరు నెలలు ఆసరా ఇవ్వాలి. లెక్కలు అన్నీ నోటీసు బోర్డు మీద.

మీ మనసులో వచ్చే ప్రశ్నలు మాకు తెలుసు. కొన్ని చాయ్ దగ్గర ముందే విన్నాం.

"సర్కారు బడి ఉంది, ట్యూషన్లు ఉన్నాయి, మళ్ళీ ఇదెందుకు?" అంటున్నారు. బడి మూడున్నర నాలుగుకల్లా అయిపోతుంది. ట్యూషను ఫీజు కట్టగలవాడికి. మన పిల్లవాడు సాయంత్రం నాలుగు నుంచి తొమ్మిది దాకా ఎక్కడ ఉంటాడు? ఒక్క గదిలో ఏడుగురు ఉండే ఇంట్లో టీవీ ముందా, గల్లీ చివర బండ మీదా? ఆ ఐదు గంటలే వాణ్ణి చేసేవి, చెరిపేవి.

"మగపిల్లలకే ఎందుకు, ఆడపిల్లలు?" అని ఒక చెల్లెమ్మ చీటీ పంపింది. న్యాయమైన ప్రశ్న. ఆడపిల్లలకు ఏదైనా తగ్గించమని మేము అనడం లేదు. రెండు గదుల్లో పగటి పూట, బడి లేని రోజుల్లో వాళ్ళ తరగతులు పెట్టవచ్చు, పెట్టాలి. కాని ఇవాళ బడి నుంచి జారిపోతున్నది ఎక్కువగా మగపిల్లవాడు. రేపు చదువుకున్న కూతురికి సంబంధం వెతికేటప్పుడు ఈ మాట మీకే అర్థమవుతుంది. కొంత అర్థమయ్యే ఉంటుంది.

"ఇంగ్లీషు, తెలుగు అంటే ఉర్దూ పోదా?" అని పెద్దలు అడుగుతున్నారు. ఉర్దూ మా అన్నం. మా కంటే దాని మీద మమకారం ఎవరికి? ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఉర్దూ మీడియంలో మొదలైంది. వైద్యం, ఇంజనీరింగు కూడా ఉర్దూలో చెప్పారు. అది ఎలా సాధ్యమయింది? దానికి ముందే 1917లో తర్జుమా సంస్థ పెట్టారు. ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్ళు కూర్చుని పుస్తకాలు ఉర్దూలోకి తెచ్చారు. ఇంకో భాష రానివాడు సొంత భాషకు సేవ చేయలేడు. ఉర్దూ మూడు గంటల్లో ఒక గంట మా తరగతుల్లో ఉంటుంది. లిపి రాని మన పిల్లలకు లిపి వస్తుంది. ఇప్పుడు ఇంట్లో పోతున్నదాన్ని అక్కడ కాపాడినవాళ్ళం అవుతాం.

"బురుజు కోసమని చందా ఇచ్చాం, గదులకు మళ్ళిస్తే ఎలా?" ఇది అన్నిటికంటే గట్టి ప్రశ్న. ఇచ్చినవాడి ఉద్దేశం మార్చే హక్కు మనకు లేదు. అందుకే ఓటుకు ముందే అడుగుతున్నాం. బురుజుకని ఇచ్చినది బురుజుకే వేరే ఖాతాలో ఉండనివ్వండి, ఒక్క పైసా ముట్టవద్దు. భవనానికని పేరు పెట్టకుండా ఇచ్చిన సొమ్ముతో ముందు గదులు వేద్దాం. పునాది మాత్రం బురుజు బరువు మోసేలా ఇప్పుడే వెయ్యమని ఇంజనీరు సాహెబ్‌ను కోరదాం. ఇన్‌షా అల్లాహ్, అయిదేళ్ళకో పదేళ్ళకో బురుజు లేస్తుంది. ఆలస్యమైతే ఇటుకకు వచ్చే నష్టం లేదు. నాలుగో తరగతి పిల్లవాడు మాత్రం ఐదేళ్ళు ఆగడు. ఐదేళ్ళలో వాడు తొమ్మిదికి వస్తాడు, లేదా షెడ్డుకు పోతాడు.

ఒక పెద్దాయన మాతో అన్నారు, "మాస్టర్ సాబ్, బురుజు ఉంటే ఊళ్ళో మన ఉనికి తెలుస్తుంది." ఆయన మనసు మాకు తెలుసు. ఈ బస్తీలో మనం ఉన్నామని, గౌరవంగా ఉన్నామని చెప్పుకోవాలనే తపన అది. దాన్ని తక్కువ చేయం. కాని ఉనికి రెండు రకాలుగా తెలుస్తుంది. దూరం నుంచి కనబడి తెలిసేది ఒకటి. అవసరం పడ్డప్పుడు తెలిసేది ఇంకొకటి. బ్యాంకులో, ఆస్పత్రిలో, కలెక్టరు కచేరీలో బల్లకు అవతలి వైపు మన పిల్లవాడు కూర్చుని ఉంటే, ఏ కులం వాడైనా, ఏ మతం వాడైనా పని మీద వచ్చి "బాబూ, నీది ఏ ఊరు?" అని అడుగుతాడు. "సైదాబాద్" అని వాడు చెప్తాడు. ఆ ఉనికికి సున్నం వేయనక్కరలేదు.

తీర్మానానికి సవరణ కాగితం రాసి సదర్ సాహెబ్ చేతికి ఇచ్చాము. ఒకే వాక్యం: "మూడో విడతలోని రెండు గదులు మొదటి విడతలో నిర్మించవలెను; తయారీ తరగతులు వచ్చే విద్యా సంవత్సరం మొదటి రోజు నుంచి ప్రారంభించవలెను." అంతవరకు గదులు లేకపోతే, ఈ షామియానా కింద చాప వేసుకుని అయినా మొదలుపెడతాం. మేమూ, మాతోటి ఇంకో ఇద్దరు ఉపాధ్యాయులూ మొదటి ఏడు జీతం లేకుండా చెప్పడానికి ఒప్పుకున్నాం. రెండో ఏడు నుంచి మాత్రం ఉస్తాదుకు జీతం ఇవ్వాలి. ఉచితంగా నడిచే బడి ఎక్కువ కాలం నడవదు, ఇది అనుభవం మీద చెప్తున్న మాట.

చందా రశీదు పుస్తకం కోశాధికారి గారి దగ్గర ఉంది. డబ్బు ఇవ్వలేనివారు నెలకు ఒక సాయంత్రం ఇవ్వండి. చదువుకున్న ఆడపిల్లలు ప్రశ్నాపత్రాలు దిద్దిపెట్టండి. మెకానిక్ భాయ్‌లు, మీ దుకాణంలో పని నేర్చుకునే పిల్లవాణ్ణి సాయంత్రం అయిదింటికి వదిలి పెట్టండి. అది మీరు ఇచ్చే చందా. అందరి చందాల కంటే అదే పెద్దది కావచ్చు.

ఇక ఓటు మీది. ఏ నిర్ణయం జరిగినా మేము సంఘానికి కట్టుబడి ఉంటాం. అల్లాహ్ మన పిల్లలకు లాభమిచ్చే ఇల్మ్ ప్రసాదించుగాక, మన చేతులతో మంచి పని చేయించుగాక. ఆమీన్.